ఆల్చిప్ప పన్ను నుంచి జిర్కోనియా దాకా: పన్ను వేరుకు బదులు వెతికిన చరిత్ర

పోస్టు పొడుగ్గానే ఉంటుంది. తీరిక చూసుకుని చదవండి.

బాక్సైట్ అన్న మాట మన గ్రూపులో ఎన్నిసార్లు వచ్చిందో లెక్క లేదు. గాలికొండ, రక్తకొండ, చింతపల్లి, జెర్రెల పేర్లు వింటూనే పెరిగాం. గిరిజన భూముల్లో ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులు చెల్లవని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గురించి ఇక్కడ చాలామందే రాశారు. అయితే ఆ రాయి లోపల ఉన్న పదార్థం ఏంటి, దాంతో అల్యూమినియం గిన్నెలు కాకుండా ఇంకేం చేస్తారు అని మేము ఎప్పుడూ ఆలోచించలేదు. మా హాస్టల్ రూములో ముగ్గురం కెమిస్ట్రీ, నాలుగోవాడు హిస్టరీ. బాక్సైట్‌ని శుద్ధి చేస్తే వచ్చే తెల్లపొడి అల్యూమినా అని, దాన్ని బాగా కాల్చి గట్టిపరిచి ఒకప్పుడు జర్మనీలో, జపాన్‌లో మనుషుల దవడల్లో పన్ను వేరుకు బదులు నాటారని క్లాసులో ఒక్క వాక్యంలో చెప్పి సార్ ముందుకెళ్ళిపోయారు. మాకు మాత్రం ఆ వాక్యం దగ్గరే ఆగిపోవాలనిపించింది. కెమిస్ట్రీ మేం చూసుకున్నాం, కాలాలు, పేర్లు మా హిస్టరీవాడు చూశాడు. మన కొండల బాక్సైటే అక్కడికి వెళ్ళి పళ్ళయిందని మేము అనడం లేదు. పదార్థం ఒకటే, అంతవరకే.

ముందు పన్ను సంగతి. మనకు కనిపించేది పైభాగం మాత్రమే. అసలు బలం దవడ ఎముకలోకి దిగిన వేరుది. ఆ వేరు కూడా ఎముకకి నేరుగా అతుక్కుని ఉండదు. మధ్యలో మిల్లీమీటరులో ఐదోవంతు మందాన సన్నటి నారల పొర ఒకటి ఉంటుంది. నమిలినప్పుడు పన్ను ఆ పొర మీద కొంచెం ఊగుతుంది. పన్ను పీకేస్తే ఆ నారలు పోతాయి. పనిలేని ఎముక మెల్లగా కరిగి తగ్గిపోతుంది. ముసలివాళ్ళ బుగ్గలు లోపలికి పోవడానికి ఒక కారణం ఇదే. కట్టుడు పళ్ళు పెట్టించుకున్నా అవి చిగుళ్ళ మీద కూర్చుంటాయే తప్ప ఎముకలోకి దిగవు. అందుకే వేరులాంటిదాన్నే ఎముకలో నాటాలన్న ఆశ చాలా పాతది.

నాటే వస్తువు రెండు పరీక్షలు నెగ్గాలి. శరీరం దాన్ని పరాయి వస్తువని బయటికి నెట్టకూడదు, ఎముక దాని పక్కకు వచ్చి పెరగాలి. ఇది మొదటిది. రోజుకి వందలసార్లు కొరికినా, నమిలినా ఏళ్ళ తరబడి విరగకూడదు. ఇది రెండోది. సిరామిక్ అంటే ఖనిజపు పొడిని ముద్దచేసి కాల్చి గట్టిపరిచినది. మన కుండ, పింగాణీ కప్పు, అల్యూమినా అన్నీ ఆ కుటుంబమే. ఇవి మొదటి పరీక్షను బాగానే నెగ్గుతాయి. ముందే కాలిపోయిన పదార్థం కాబట్టి తుప్పు పట్టదు, కరగదు, ఒంట్లో గొడవ చెయ్యదు. దెబ్బతినేది రెండో పరీక్షలోనే. సంతలో కుండ కొనేటప్పుడు అమ్మలు వేలి కణుపుతో కొట్టి చప్పుడు వింటారు గదా. ఖంగుమంటే మంచిది, బొంగురుగా ఉంటే ఎక్కడో వెంట్రుకంత పగులుంది అని. సిరామిక్ అంతా ఆ కుండ లాంటిదే. నొక్కితే ఎంత బరువైనా ఓర్చుకుంటుంది, వంచితే, లాగితే ఆ వెంట్రుకంత పగులు ఈ చివరి నుంచి ఆ చివరికి ఒక్కసారిగా పాకుతుంది. ఇనుము ముందు వంగి హెచ్చరిస్తుంది. సిరామిక్ హెచ్చరించదు. ఈ పోస్టులో కింద చెప్పబోయే కథంతా ఆ పగులును ఆపడానికి పడిన తంటాలే.

ఇప్పుడు అన్నిటికంటే పాత సాక్ష్యం దగ్గరికి వద్దాం. మాకు బాగా పట్టుకున్నది ఇదే.

1931లో మధ్య అమెరికాలోని హోండురాస్ దేశంలో, ఉలూవా లోయలో, విల్సన్ పొపెనో, ఆయన భార్య డొరొతీ తవ్వకాలు జరిపారు. ఆ చోటు పేరు ప్లాయా దె లాస్ మ్యుర్తోస్, అంటే చనిపోయినవాళ్ళ తీరం. అక్కడ ఒక మనిషి కింది దవడ ముక్క దొరికింది. సుమారు క్రీ.శ. 600 నాటిది, మాయా నాగరికతకు చెందినదని చెబుతారు. ఆ దవడలో ముందుపళ్ళు ఉండాల్సిన మూడు గుంటల్లో పళ్ళకు బదులు పన్ను ఆకారంలో చెక్కిన మూడు ఆల్చిప్ప ముక్కలు ఉన్నాయి. ఆ ముక్క అమెరికాలోని హార్వర్డ్ యూనివర్సిటీ పీబడీ మ్యూజియానికి చేరింది.

మ్యూజియం వాళ్ళు, పండితులు దాన్ని చూసి ఏమనుకున్నారో తెలుసా? చనిపోయాక శవానికి అలంకారంగా పెట్టి ఉంటారులే అనుకున్నారు. అలా దాదాపు నలభై ఏళ్ళు గడిచాయి. 1970 ప్రాంతంలో బ్రెజిల్‌కు చెందిన దంతవైద్యుడు అమదేవు బొబ్బియో ఆ దవడకు ఎక్స్‌రే తీశాడు. మూడింటిలో రెండు ఆల్చిప్ప ముక్కల చుట్టూ కొత్త ఎముక గట్టిగా ఏర్పడి కనిపించింది. చచ్చిన దవడలో ఎముక పెరగదు. అంటే మనిషి బతికుండగానే ఆ ముక్కలు నాటారు, నాటాక కూడా ఆ మనిషి ఎముక పెరిగేంత కాలం బతికాడు.

ఒక్క దవడను పట్టుకుని మాయా ప్రజలందరూ ఇంప్లాంట్ వైద్యులే అని చెప్పడం కరెక్టు కాదు. అలాంటి పోస్టులు చాలా తిరుగుతున్నాయి, మేము ఆ పని చెయ్యం. కానీ మాయా వాళ్ళు బతికున్న మనుషుల ముందుపళ్ళకు సన్నటి గుంటలు తొలిచి, పన్ను చావకుండా, ఆ గుంటల్లో పచ్చరాళ్ళు, మెరిసే ఖనిజాలు పొదిగేవాళ్ళని వందల పుర్రెలు సాక్ష్యం చెబుతున్నాయి. పంటి గురించి అంత పని తెలిసినవాళ్ళ విషయంలో కూడా మొదట వచ్చిన ఆలోచన ఇది శవానికి చేసిన తంతు అనేదే. ఆదివాసీ చేసిన పని కనపడితే ముందు ఆచారం అంటారు. అది తెలివి అని ఒప్పుకోవడానికి ఎక్స్‌రే కావాలి. మన ఊళ్ళ మందుల గురించి, విత్తనాల గురించి బయటివాళ్ళు రాసింది చదివినప్పుడు మీలో చాలామందికి ఇదే అనిపించి ఉంటుంది.

ఆల్చిప్ప గురించి కెమిస్ట్రీ మాట ఒకటి. అది కాల్షియం కార్బొనేట్. సముద్రజీవి తన ఒంట్లోనే పొరలు పొరలుగా కట్టుకున్న సిరామిక్ అనుకోవచ్చు. దానికి ఆవం అక్కర్లేదు. పొరల మధ్య సన్నటి ప్రోటీను జిగురు ఉంటుంది కాబట్టి పగులు ఒక పొర దాటి ఇంకో పొరకు పోవాలంటే దారి మళ్ళాలి. అందుకే మామూలు సుద్దముక్క కంటే ఆల్చిప్ప ఎన్నో రెట్లు గట్టిది. ఈ పగులును దారి మళ్ళించే ఉపాయాన్ని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ఇక యూరప్ దగ్గరికి వస్తే కథ కొంచెం చేదుగా ఉంటుంది. 18వ శతాబ్దం లండన్‌లో జాన్ హంటర్ అనే పేరుమోసిన సర్జన్ 1771లో పళ్ళ మీద పెద్ద పుస్తకం రాశాడు. మనిషి పన్నును కోడిపుంజు జుట్టులో నాటి అది అతుక్కుందని చూపించాడు. ఆ ధైర్యంతో ఒక మనిషి పన్ను పీకి ఇంకో మనిషి దవడలో పెట్టడం ఫ్యాషన్ అయింది. ఎవరి పన్ను ఎవరికి? పేదవాళ్ళది డబ్బున్నవాళ్ళకి. 1787లో రోలండ్‌సన్ అనే చిత్రకారుడు దీని మీదే ఒక వ్యంగ్యచిత్రం వేశాడు. అందులో పొగగొట్టాలు తుడిచే కుర్రాడి పన్ను పీకుతుంటారు, పక్కన పెద్దింటి ఆడవాళ్ళు, మగవాళ్ళు ఎదురుచూస్తుంటారు. ఆ పళ్ళు కొన్నాళ్ళుండి ఊడిపోయేవి, పైగా ఒకరి రోగాలు ఇంకొకరికి అంటుకునేవి. పీకించుకున్న కుర్రాడికి మాత్రం పన్ను తిరిగి రాదు గదా. అమెరికాలో జార్జి వాషింగ్టన్ ఎస్టేటు లెక్కల పుస్తకంలో 1784లో ఒక పద్దు ఉంది, నల్లజాతి బానిసల దగ్గర తొమ్మిది పళ్ళకు 6 పౌండ్ల 2 షిల్లింగులు ఇచ్చినట్టు. ఆ పళ్ళు ఆయన నోట్లోకే వెళ్ళాయా అన్నది ఆ పద్దు చెప్పదు. 1815లో వాటర్లూ యుద్ధం అయ్యాక చచ్చిన సైనికుల పళ్ళు పీకి కట్టుడు పళ్ళలో అమర్చారు. ఆ తర్వాత చాలా ఏళ్ళు అలాంటివాటికి వాటర్లూ పళ్ళు అనే పేరుండేది.

ఈ బేరం తగ్గడానికి సాయపడింది పింగాణీ. 1774లో పారిస్ దగ్గర డ్యూషాతో అనే మందులషాపు ఆయన తన దంతపు పళ్ళు కంపు కొడుతున్నాయని విసిగిపోయి, ఒక పింగాణీ ఫ్యాక్టరీకి వెళ్ళి పింగాణీతో పళ్ళ సెట్టు చేయించుకున్నాడు. తర్వాత ద్యుబువా ద షెమాఁ అనే దంతవైద్యుడు ఆ పని నేర్చుకుని, మెరుగుపరిచి, సొంతానికి పేటెంటు తీసుకున్నాడు. మొదట చేసినవాడు ఒకడు, పేరు ఇంకొకడిది అయిందని అప్పట్లోనే గొడవయింది. వాళ్ళకు ముఖ్యమైన చిక్కేంటంటే, పింగాణీ ఆవంలో కాలేటప్పుడు కుంచించుకుపోతుంది. కొలత తీసి చేసిన పళ్ళు బయటికి వచ్చేసరికి చిన్నవైపోయేవి. 1808లో ఫొంజీ అనే ఇటలీ ఆయన ఒక్కొక్క పన్నును విడిగా పింగాణీతో చేసి, ప్లాటినం పిన్ను పెట్టి, కట్టుకు అతికించే పద్ధతి చూపించాక ఈ చిక్కు చాలావరకు పోయింది. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోవాలి. ఇదంతా పైపన్ను. వేరు కాదు. పింగాణీని ఎముకలో నాటితే నిలిచేంత బలం దానికి లేదు.

వేరు కోసం ఆ తర్వాత బంగారం, ప్లాటినం తీగల బుట్టలు, కోబాల్టు లోహం మరలు ఇలా చాలా పెట్టి చూశారు. అవి ఇక్కడ వదిలేస్తున్నాం. ఒక్క విషయం చెప్పక తప్పదు. 1952లో స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే శాస్త్రవేత్త కుందేలు కాలి ఎముకలో రక్తప్రసరణ చూడడానికి టైటానియం గొట్టం పెట్టాడు. పని అయ్యాక తీద్దామంటే రాలేదు, ఎముక దాన్ని పట్టేసింది. 1965లో యోస్టా లార్షన్ అనే ఆయన దవడలో మొదటి టైటానియం వేర్లు నాటారు. అవి ఆయన 2006లో చనిపోయేదాకా, నలభై ఏళ్ళు, నిలిచాయి. ఈరోజు ప్రపంచంలో నాటే ఇంప్లాంట్లలో చాలా ఎక్కువ భాగం ఈ టైటానియం వంశమే. సిరామిక్ వాళ్ళు పోటీ పడాల్సింది దీంతో.

సరిగ్గా ఆ 1960లలోనే స్విట్జర్లాండ్‌లో సామీ సాండాస్ అనే వైద్యుడు అల్యూమినాతో మరలాంటి వేరు తయారుచేశాడు. ఎముక మర అని అర్థం వచ్చే పేరు పెట్టాడు, ఆ మాటల పొడి అక్షరాలతో సీబీఎస్ అనేవాళ్ళు. దవడలో నాటిన సిరామిక్ వేర్ల చరిత్ర ఈయనతోనే మొదలవుతుంది. ఆలోచన బాగుంది, తెల్లగా పన్ను రంగులో ఉంది, చిగురు దాని పక్కన శుభ్రంగా ఉంది. కానీ మర అంటేనే గాట్లు. ప్రతి గాటు అడుగునా పగులు మొదలవడానికి చోటు దొరుకుతుంది. లోహంలో మర వేసినంత ధైర్యంగా సిరామిక్‌లో వెయ్యలేం.

1970లలో జర్మనీలోని ట్యూబింగెన్ యూనివర్సిటీలో దంతవైద్యుడు విల్హెల్మ్ షుల్టె, పదార్థ శాస్త్రవేత్త గుంటర్ హైంకె కలిసి ఆలోచన మార్చారు. మర వదిలేశారు. పన్ను వేరు ఎలా కిందికి పోయేకొద్దీ సన్నబడుతుందో అలా మెట్లు మెట్లుగా సన్నబడే అల్యూమినా వేరు చేశారు. దాని ఒంటినిండా చిన్నచిన్న గుంటలు, ఎముక వాటిలోకి పెరిగి పట్టుకోవాలని. పన్ను పీకిన వెంటనే అదే గుంటలో దీన్ని నాటేవాళ్ళు. అందుకే దానికి ట్యూబింగెన్ తక్షణ ఇంప్లాంట్ అని పేరు. అప్పటిదాకా నెలల తరబడి ఆగాలన్నది నియమం. ఎముక కూడా దాన్ని చక్కగా ఒప్పుకుంది. సూక్ష్మదర్శినిలో చూస్తే మధ్యలో ఏ పొరా లేకుండా ఎముక నేరుగా అల్యూమినాను తాకి ఉంది. మొదటి పరీక్షలో మంచి మార్కులన్నమాట.

అదే కాలంలో జపాన్‌లో ఒసాకాకు చెందిన కవాహరా హరుయుకి, క్యోటో సిరామిక్ కంపెనీ, అంటే ఇప్పటి క్యోసెరా, కలిసి ఇంకో దారి పట్టారు. పొడిని కాల్చి చేసిన అల్యూమినాలో లక్షల చిన్న గింజలుంటాయి, గింజకూ గింజకూ మధ్య సందుల్లోనే పగుళ్ళు పుడతాయి. అసలు గింజలే లేకుండా వేరంతా ఒకే స్ఫటికం అయితే? అల్యూమినా ఒకే స్ఫటికంగా పెరిగితే దానికి మనం పెట్టుకున్న పేరు నీలం రాయి. కెంపు కూడా అదే, రంగునిచ్చే మలినమే తేడా. రంగు లేని ఆ కృత్రిమ నీలం రాయిని పెంచి, చెక్కి, మరలు చేసి, బయోసెరామ్ అన్న పేరుతో అమ్మారు. ఉంగరంలో పెట్టుకునే రాయి జాతిని దవడలో పన్ను కింద నాటారంటే మేము రెండుసార్లు చదివి గానీ నమ్మలేదు.

ఇన్ని తెలివితేటలు పెట్టినా ఏమైందంటే, విరిగాయి. అన్నీ కాదు. చాలామంది నోళ్ళలో ఏళ్ళ తరబడి బాగానే ఉన్నాయి. కానీ విరిగినవి హెచ్చరిక లేకుండా విరిగాయి, విరిగిన ముక్క ఎముకలోనే ఉండిపోయేది. ఎముక దాన్ని అంత ప్రేమగా పట్టుకుంది కాబట్టి బయటికి తీయాలంటే దవడను తొలచాలి. మొదటి పరీక్షలో వచ్చిన మార్కులే రెండో పరీక్ష తప్పినప్పుడు శిక్షయ్యాయి. పైగా అల్యూమినా మరీ బిరుసు. ఎముక కంటే ఇరవై రెట్లకు పైగా, టైటానియం కంటే మూడు రెట్లకు పైగా బిరుసు. విరక్కుండా ఉండాలని లావుగా చేస్తే సన్నటి దవడలకు పట్టదు. చివరికి ట్యూబింగెన్ వాళ్ళే అదే మెట్ల ఆకారాన్ని ఉంచుకుని పదార్థాన్ని టైటానియానికి మార్చేశారు. అల్యూమినా వేర్లు బజారులోంచి మెల్లగా తప్పుకున్నాయి.

మధ్యలో అమెరికా ముచ్చట ఒకటి చెప్పాలి. ఫ్లోరిడా యూనివర్సిటీలో లారీ హెంచ్ అనే సిరామిక్ శాస్త్రవేత్త 1967లో ఒక సమావేశానికి బస్సులో వెళ్తున్నాడు. పక్కసీట్లో వియత్నాం యుద్ధం నుంచి వచ్చిన ఒక సైనిక అధికారి కూర్చున్నాడు. కాళ్ళు, చేతులు పోయిన సైనికుల శరీరాలు లోహాన్ని, ప్లాస్టిక్‌ను నెట్టేస్తున్నాయి, ఒళ్ళు ఒప్పుకునే పదార్థం మీరు చెయ్యగలరా అని అడిగాడట. 1969లో హెంచ్ ఇసుక, సున్నం, సోడా, భాస్వరం కలిపిన ఒక గాజు చేశాడు. ఎలుక ఎముకలో పెట్టి ఆరు వారాలకు తీయబోతే రాలేదు. ఆ గాజుతో 1980లలో పన్ను పీకిన గుంట కూలిపోకుండా పెట్టే చిన్న శంకువులు వచ్చాయి. బరువు మొయ్యడానికి మాత్రం పనికిరాలేదు, గాజు గాజే. దాని పొడి ఇప్పుడు జివ్వుమనే పళ్ళకు వాడే కొన్ని టూత్‌పేస్టుల్లో ఉంటుంది.

ఇప్పుడు జిర్కోనియా. 1789లో క్లాప్రోత్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త సిలోన్, అంటే శ్రీలంక, నుంచి వచ్చిన జిర్కాన్ రాళ్ళను పరీక్షిస్తూ కొత్త ఆక్సైడును కనిపెట్టాడు. అదే జిర్కోనియా. చాలా వేడిని తట్టుకుంటుంది. కానీ దానికో దుర్గుణం ఉంది. కాల్చేటప్పుడు 1170 డిగ్రీల సెల్సియస్ దాటితే దాని స్ఫటికం ఒక రూపం నుంచి ఇంకో రూపానికి మారుతుంది. చల్లారేటప్పుడు మళ్ళీ పాత రూపానికి వస్తూ నాలుగైదు శాతం ఉబ్బుతుంది. ఆ ఉబ్బుకి తనంతట తానే ముక్కలైపోతుంది. కాల్చిన కుండ చల్లారగానే పగిలిపోతే ఎవరు చేస్తారు కుండలు? తర్వాత ఇట్రియా లాంటి ఇంకో ఆక్సైడును కొంచెం కలిపితే పాత రూపానికి తిరగకుండా ఆగుతుందని తెలిసింది.

1975లో ఆస్ట్రేలియాలో గార్వీ, హానింక్, పాస్కో అనే ముగ్గురు నేచర్ పత్రికలో ఒక చిన్న వ్యాసం వేశారు. సిరామిక్ ఉక్కు అని ప్రశ్నార్థకం పెట్టి మరీ రాశారు. వాళ్ళు చెప్పింది ఇది. జిర్కోనియా గింజల్ని పూర్తిగా కట్టేయకుండా, ఉబ్బడానికి సిద్ధంగా, కానీ ఉబ్బకుండా, అంచు మీద నిలబెట్టాలి. ఎక్కడైనా పగులు మొదలైతే ఆ పగులు మొన దగ్గర లాగుడు పుడుతుంది, అక్కడి గింజలకు ఉబ్బే అవకాశం దొరుకుతుంది, ఉబ్బుతాయి, ఉబ్బి పగులును రెండువైపులా నొక్కేస్తాయి. ఏ దుర్గుణం వల్ల అది తనను తాను పగలగొట్టుకునేదో అదే గుణంతో పగులును మూసేయించారు. ఆల్చిప్ప పొరల జిగురుతో పగులును దారి మళ్ళిస్తే ఇది పగులు నోరే నొక్కేసింది. అల్యూమినా కంటే వంపును తట్టుకునే బలం సుమారు రెండింతలు వచ్చింది. మాకు ఈ చరిత్ర మొత్తంలో బాగా నచ్చిన ఆలోచన ఇదే. పరీక్షలో అడగకపోయినా చదువుకోండి.

సాండాస్ గుర్తున్నాడు గదా, అల్యూమినా మర చేసినాయన. 1980ల చివర్లో ఆయనే మళ్ళీ జిర్కోనియా వేరుతో వచ్చాడు. ఇరవై ఏళ్ళ తర్వాత, మొదటిది విరిగాక, అదే పని ఇంకో పదార్థంతో. మొండితనం అనుకోండి ఏమనుకోండి, మాకు ఆయన మీద గౌరవం కలిగింది.

అయినా దారి తిన్నగా పోలేదు. అప్పటికే తుంటి కీలు మార్చే ఆపరేషన్లలో జిర్కోనియా గుండ్లు వాడుతున్నారు. 2001లో ఫ్రాన్స్‌లో తయారైన కొన్ని బ్యాచుల గుండ్లు మనుషుల ఒంట్లోనే పగలడం మొదలైంది. అలా పగిలినవి వందల్లో ఉన్నాయి. కంపెనీ వాటిని వెనక్కి పిలిచింది. ఆరా తీస్తే కొలిమి మార్చారని తేలింది. బ్యాచుల వారీగా కాల్చే కొలిమి బదులు వరసగా లోపలికి పంపే సొరంగం లాంటి కొలిమి పెట్టారు, కాలడంలో వచ్చిన ఆ చిన్న తేడా ఇంత పని చేసింది. జిర్కోనియాకు తడి తగిలేచోట, ఒంటి వేడిలో కూడా, పైన ఉన్న గింజలు మెల్లగా పాత రూపానికి జారిపోయే గుణం ఉంది. దీన్ని దాని ముసలితనం అంటారు. సరిగ్గా కాలనిదానికి ఆ ముసలితనం తొందరగా వచ్చేసింది. మన ఊళ్ళో కుండలు చేసేవాళ్ళని అడిగినా చెబుతారు, మట్టి ఎంత మంచిదైనా ఆవం తప్పితే అన్నీ తప్పినట్టే అని. తేడా ఒకటే, కుండ పగిలితే సంతకు వెళ్ళి ఇంకోటి కొనుక్కుంటాం. తుంటి పగిలిన మనిషికి రెండోసారి కోత.

పళ్ళవాళ్ళు ఆ దెబ్బ నుంచి నేర్చుకున్నారు. పొడి మరింత శుద్ధంగా, గింజ మరింత సన్నగా, కాల్చేటప్పుడు అన్నివైపుల నుంచీ ఒత్తిడి. 2000ల నుంచి స్విట్జర్లాండ్, జర్మనీ కంపెనీలు జిర్కోనియా వేర్లు మళ్ళీ తెచ్చాయి. 2007లో అమెరికా ప్రభుత్వ అనుమతి కూడా మొదటిసారి వచ్చింది. మొదట్లో వేరు, పైన కిరీటాన్ని పట్టుకునే మొన, రెండూ ఒకే ముక్క. నోట్లో సరిగ్గా కూర్చోకపోతే డాక్టరు ఆ మొనను అరగదీసేవాడు, ఆ అరుగుడే కొత్త పగుళ్ళకు దారి. తర్వాత రెండు ముక్కలుగా, మధ్యలో మరతో బిగించేవి వచ్చాయి. మర అంటే గాటు, గాటంటే పగులు అన్న సాండాస్ కాలపు తలనొప్పి మళ్ళీ తలెత్తింది. దానికి ఒక ఉపాయంగా కొందరు జిర్కోనియాలో ఐదోవంతు అల్యూమినా కలిపి మరింత గట్టిపరుస్తున్నారు. బజారులోంచి తప్పుకున్న అల్యూమినా వెనక గుమ్మం నుంచి తిరిగొచ్చిందన్నమాట. 18వ శతాబ్దపు పింగాణీ చిక్కు కూడా అలాగే వచ్చింది. జిర్కోనియా కాలేటప్పుడు సుమారు ఐదోవంతు కుంచించుకుపోతుంది. ఇప్పుడు కంప్యూటరు ఆ లెక్క ముందే వేసి అంత పెద్దదిగా చెక్కిస్తుంది, డ్యూషాతో ఆ లెక్కను చేత్తో అందుకోవాలని చూశాడు.

మన వైపు సంబంధం ఒకటుంది. జిర్కాన్ మన సముద్రం ఒడ్డునే ఉంది. భీమునిపట్నం దగ్గర, శ్రీకాకుళం తీరం పొడుగునా ఇసుకలో నల్లటి చారలు చూసే ఉంటారు. ఆ బరువు ఇసుకలో ఇల్మెనైట్, గార్నెట్‌లతో పాటు కొంత జిర్కాన్ ఉంటుంది. నదులు కొండల్ని కోసుకుంటూ లక్షల ఏళ్ళు మోసుకొచ్చి పోసిన ఇసుక అది. కొండలంటే మన తూర్పు కనుమలే. జిర్కాన్ నుంచి జిర్కోనియం తీసే పని హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో 1970ల నుంచి జరుగుతోంది, అయితే అది అణు రియాక్టర్లలో ఇంధనం పెట్టే గొట్టాల కోసం. పళ్ళకు వాడే సన్నటి జిర్కోనియా పొడికి పెద్ద పేరు జపాన్ కంపెనీలది. టైటానియం కథ కూడా అంతే, ఇల్మెనైట్ అంటే టైటానియం ఖనిజమే. అంటే ఈరోజు పన్ను వేరుకి వాడే రెండు పదార్థాల ముడిసరుకూ మన తీరం ఇసుకలో ఉంది, మూడోదాని ముడిసరుకు మన కొండల్లో ఉంది.

పన్ను వేరు మాత్రం మన ఊళ్ళలో లేదు. మా ఊళ్ళవైపు పన్ను నొప్పి అంటే ముందు వేపపుల్ల, కానుగపుల్ల, తర్వాత లవంగం, తర్వాత ఎవరైనా పట్నం తీసుకెళ్తే పీకించడం. ఊరికి దగ్గర్లో ఉన్న ఆసుపత్రిలో పళ్ళ డాక్టరు పోస్టు ఉందని బోర్డు మీద ఉంటుంది, కుర్చీ ఖాళీగా ఉంటుంది. పట్నంలో ఒక్క టైటానియం ఇంప్లాంట్‌కే 20 వేలు, 30 వేలు, ఆపైన అడుగుతారు, జిర్కోనియా అంటే ఇంకా ఎక్కువ. మా నలుగురి ఇళ్ళలోనూ నాయనమ్మలకు, తాతలకు పళ్ళు పోయాయి. ఎవరికీ కట్టుడు పళ్ళు కూడా లేవు. అన్నం మెత్తగా వండి, అంబలి కాచి పెడతారు.

గ్రూపులో కొందరు ఇంటర్ బైపీసీ వాళ్ళు బీడీఎస్ తీసుకోవాలా వద్దా, ఉద్యోగాలు లేవంటున్నారు అని అడుగుతుంటారు. కౌన్సెలింగ్ సంగతి సీనియర్లు చెబుతారు. మేము చెప్పగలిగింది చరిత్ర వరకే. టైటానియం వేరుకు నలభై ఏళ్ళు నోట్లో ఉన్న సాక్ష్యం ఉంది. ఇప్పటి జిర్కోనియా వేర్లకు పదేళ్ళు, పదిహేనేళ్ళ లెక్కలే ఉన్నాయి. అవి బాగున్నాయి, కానీ నలభై కాదు. లోహం లేదు కాబట్టి మేలు అని ఎవరైనా ప్రకటన వేస్తే, ఎన్నేళ్ళ లెక్క, ఒక ముక్కదా రెండు ముక్కలదా, విరిగినవి ఎన్ని అని అడగండి. ఈ మూడు ప్రశ్నలూ సాండాస్ మర విరిగిన రోజుల నుంచి ఉన్నవే.